మూడో ప్రకటన

మిరపకాయ కోతల రోజుల్లో ఆ ఊరి పై పల్లె చర్చిలో ఆదివారం ఆరాధన పొద్దున్నే ఆరింటికి మొదలవుతుంది. ఎనిమిదయ్యేసరికి కోత ముఠాలు ఆటోలెక్కాలి మరి! దేవుడు కాస్త ఆగుతాడేమో గానీ ప్రత్తిపాడు రైతులు ఆగరు. అందుకని ఆడవాళ్ళు తలగుడ్డలూ అన్నం క్యారేజీలూ వెంట తెచ్చుకుని, చర్చి గోడ పక్కన వరసగా పెట్టి, లోపలికొచ్చి చాపల మీద కూర్చుంటారు.

ఆ ఆదివారం ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. భక్తి పొంగి కాదు లెండి. సంఘ పెద్ద జక్రయ్య తన కూతురు శిల్ప పెళ్ళికి మూడో ప్రకటన తన నోటితో తానే చదవాలి. ఎలా చదువుతాడో చూద్దామని వచ్చారు.

పెళ్ళి ప్రకటనంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ సంఘంలో పెళ్ళి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు అమ్మాయి పేరూ అబ్బాయి పేరూ సంఘం ముందు చదవాలి. చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండని అడగాలి. ఎవరూ లేవకపోతే మూడో వారంతో దారి చక్కబడినట్టే. ఎవరైనా లేస్తే మాత్రం, కారణం అడిగి, ప్రకటనల పుస్తకంలో రాసి, రాసింది సంఘానికి చదివి వినిపించి, పాస్టరు గారికి పంపాలి. చెల్లే కారణాలు నాలుగే. మొదటి మొగుడో పెళ్ళామో బతికుండటం, వరస కుదరకపోవడం, ఈడు చాలకపోవడం, బలవంతపు పెళ్ళి కావడం. ఆ నాలుగూ పుస్తకం అట్ట లోపల అచ్చువేసి ఉంటాయి. ఆ నాలుగూ కాకపోతే "ఇది చెల్లదు, కూర్చో" అని పుస్తకం పట్టుకున్నవాడు అక్కడికక్కడే కొట్టేయవచ్చు.

పాస్టరు గారికి నాలుగు ఊళ్ళు. ఆవిడ ఇక్కడికి నెలలో మొదటి ఆదివారమే వస్తారు. మిగతా వారాలన్నీ జక్రయ్యవే. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల వెనక ఆయనే నిలబడుతున్నాడు. బడిపంతులుగా రిటైరయిన మనిషి, గుండ్రటి చేతిరాత, మైకు అక్కరలేని గొంతు. ఆయన ప్రసంగంలో తప్పకుండా వచ్చే ముక్క ఒకటుంది.

"మీరు ఎమ్మార్వో ఆఫీసుకెళ్ళండి, మొదట మీ కులం అడుగుతారు. పిల్లోణ్ణి బళ్ళో వెయ్యండి, కులం అడుగుతారు. ఈ పుస్తకం చూడండి. నూటపాతికేళ్ళ పుస్తకాలున్నాయి బీరువాలో. ఒక్కదాంట్లో కులానికి గడి లేదు! మన తాతల్ని మనుషుల్లో కలిపింది ఇదీ!"

అది చెప్పేటప్పుడు ఆయన కళ్ళు నిజంగానే చెమర్చేవి. అబద్ధం కాదు. వాళ్ళ తాత ఊళ్ళో బడి మెట్టు ఎక్కబోతే దుడ్డుకర్రతో తరిమారు. మిషనుదొర వచ్చి చెట్టు కింద పలక చేతికిచ్చాడు. ఆ పలక వల్లే ఆయన తండ్రి పంతులయ్యాడు, ఆయనా పంతులయ్యాడు, కూతురు గుంటూరు ఆసుపత్రిలో నర్సయింది.

అయితే ఆ కథకి రెండో సగం ఉంది. జక్రయ్య అది తండ్రి దగ్గర విన్నాడు గానీ ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు. దొర బడి పెట్టిన రెండో ఏడు కింద పల్లె నుంచి నలుగురు మాదిగ పిల్లల్ని తెచ్చి అదే చాప మీద కూర్చోబెట్టాడట. తెల్లారేసరికి మాలపిల్లలు ఒక్కరూ బడికి రాలేదట. ముందు లేచిపోయింది జక్రయ్య తాతేనట. దొర నెల్లాళ్ళు బతిమాలి, విసిగిపోయి, ఆ నలుగుర్నీ వాళ్ళ మానాన వదిలేశాడట. ఆ పిల్లల్ని తర్వాత ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఇంకో మిషనువాళ్ళు చేరదీశారు.

అందుకే ఆ ఊళ్ళో ఇప్పటికీ రెండు చర్చిలు. పై పల్లెది నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇచ్చే సంఘం. కింద పల్లెది కాలువలో ముంచి ఇచ్చే సంఘం. మధ్యలో ఒక సిమెంటు రోడ్డు. ఇద్దరి బైబిలూ ఒకటే, ఇద్దరి పాటలూ ఒకటే, సమాధుల దొడ్లు మాత్రం రెండు. క్రిస్మస్‌కి ఎవరి నక్షత్రం ఎత్తుగా కట్టారన్న పోటీ ఒకటి. ఈ మధ్య ఎస్సీ వర్గీకరణ గొడవ వచ్చిన దగ్గర్నుంచీ కుర్రాళ్ళు కలిసి క్రికెట్టాడటం కూడా మానేశారు. అదేం క్రైస్తవమో మరి, ఆ ప్రభువుకే తెలియాలి!

శిల్ప తెచ్చిన సంబంధం ఆ రోడ్డుకి అవతలిది. సురేంద్ర ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే ల్యాబ్ టెక్నీషియన్. నెమ్మదస్తుడు. వాళ్ళ నాన్న కోటిలింగం కౌలుకు రెండెకరాల మిరప వేస్తాడు, కింద పల్లె చర్చిలో గంట కొడతాడు. పేరు శివుడిదే గానీ మూడు తరాల విశ్వాసి. మిషనువాళ్ళు ఎందుకో వాళ్ళ ఇళ్ళలో పాత పేర్లు మార్చలేదు.

క్రిస్మస్ వెళ్ళాక కోటిలింగం చొక్కా ఇస్త్రీ చేయించుకుని, అరటిపళ్ళూ కమలాలూ పట్టుకుని జక్రయ్య ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని అన్నాడు:

"పంతులుగారూ, పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు. మీరు పెద్దోళ్ళు. మీరు వద్దంటే నేను మావోణ్ణి వెనక్కి లాక్కుంటా. మనసులో పెట్టుకోబాకండి, చెప్పండి."

ఎంత మర్యాదైన మాట! ఆ రోజు జక్రయ్య ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. "దేవుని చిత్తం ఎట్లుంటే అట్లా" అన్నాడు. అలా అనడం ఆయనకు అలవాటు. కోటిలింగం దాన్ని అంగీకారం అనుకుని, చేతులు రెండూ జోడించి, సంతోషంగా వెళ్ళిపోయాడు.

శిల్పకు మాత్రం అనుమానం తీరలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర తండ్రిని నిలదీసింది.

"నాన్నా, రిజిస్ట్రారాఫీసులో సంతకం పెట్టుకుంటే నాకు అరగంట పని. నువ్వు చదవాలని ఇక్కడికి తెచ్చా. నీకిష్టం లేదా, లేదని చెప్పు. ఎందుకు లేదో కూడా చెప్పు. విని, అప్పుడు ఆలోచిస్తా."

"నాకేముందమ్మా. సంఘాలు వేరు కదా అని…"

"చెప్పు మరి! ఎందుకిష్టం లేదో చెప్పవయ్యా బిడ్డకి" అంది భార్య చెంచమ్మ. ఆమెకు ఈ పెళ్ళి ఇష్టమే. కోటిలింగం భార్యతో ఇరవై ఏళ్ళుగా ఒకే ముఠాలో, పక్కపక్క సాళ్ళలో కాయ కోసింది. ఒకే గొడుగు కింద అన్నం తిన్నది. "నోరు కుట్టేసినట్టు కూర్చుంటావేంది?"

జక్రయ్య ఇంకాస్త పెరుగు వేసుకుని అన్నం కలిపాడు. ఏం చెప్తాడు? పసిదానిగా ఉన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మనకు కులం లేదమ్మా అని నేర్పింది తానే. ఇప్పుడు ఆ పిల్ల ముఖంలోకి చూసి ఏ నోటితో ఆ మాట అంటాడు? లోపల మాత్రం బంధువులు నవ్వుతారన్న భయం ఉంది. దాని కింద ఇంకొకటి ఉంది. దానికి ఏ పేరూ పెట్టదలుచుకోలేదు ఆయన.

సంఘాలు వేరన్న సాకు పాస్టరు గారి దగ్గర వాడి చూశాడు. ఆవిడ రెండు వారాల్లో కింద పల్లె పాస్టరు దగ్గర్నుంచి ఉత్తరం తెప్పించి, "అబ్బాయి బాప్తిస్మం చెల్లుతుందండీ జక్రయ్య గారూ, ఈస్టరు ముందు నలభై శ్రమదినాల్లో పెళ్ళిళ్ళు చేయం కదా, అవి మొదలయ్యేలోపు ప్రకటనలు పూర్తి చేసేయండి" అని నవ్వుతూ చెప్పేసి వెళ్ళారు. మొదటి ప్రకటన ఆవిడే చదివారు. రెండోది జక్రయ్య చదివాడు. ఎవరూ లేవలేదు. చుట్టాలు ఇళ్ళ దగ్గర గొణిగారే గానీ, పంతులు ఇష్టపడ్డాక మనకెందుకులే అని ఊరుకున్నారు.

అప్పుడు జక్రయ్య తన చెల్లెలి కొడుకు కోటేష్‌ని పిలిచాడు. గుంటూరు మిరపయార్డులో కాటా దగ్గర పనిచేసే మనిషి. మామయ్య అంటే ప్రాణం. అక్షరం ముక్క నేర్పించింది మామయ్యే మరి.

"ఒరేయ్, మూడో వారం నువ్వు లేవాలి. ఆ అబ్బాయికి ఒంగోల్లో ఇంతకుముందే ఒక పెళ్ళయిందని విన్నానని చెప్పు. నేను రాసుకుంటా. విచారణ అంటారు, ఈలోగా శ్రమదినాలు వస్తాయి, పెళ్ళి ఆగుద్ది. ఆగాక అదే చల్లారుద్ది."

కోటేష్ నోరు తెరిచాడు. "అయిందా మామా నిజంగా?"

"అయిందో లేదో విచారణలో తేలుద్ది. నువ్వు విన్నానంటే చాలు."

"నేను వినలేదుగా."

"ఇప్పుడు విన్నావుగా!" అని కసురుకున్నాడు జక్రయ్య. చేతికి మట్టి అంటకుండా పని జరిగిపోవాలని ఆయన తాపత్రయం. కూతురికి కాదని చెప్పింది తాను కాదు. కోటిలింగాన్ని వద్దన్నది తాను కాదు. ఎవరో లేచారు, తాను రాశాడు, అంతే.

ఇదంతా జరిగాక వచ్చిన ఆదివారమే ఇది.

కళ్ళాల్లో ఆరబోసిన కాయల ఘాటు కిటికీల్లోంచి వస్తుంటే జనం ఉండుండి దగ్గుతున్నారు. శిల్ప పాటలు పాడే ఆడపిల్లల మధ్య ముందు చాప మీద కూర్చుంది. సురేంద్రకు ఆసుపత్రిలో డ్యూటీ పడింది. కోటిలింగం ఒక్కడే వచ్చాడు. మూడో ప్రకటన వినడానికి అబ్బాయి తరఫున ఎవరో ఒకరు రావడం మర్యాద. వెనక ప్లాస్టిక్ కుర్చీలో, చెప్పులు బయటే విడిచి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తన వయసులో పై పల్లె చర్చి లోపలికి రావడం అదే మొదలు.

జక్రయ్య పుస్తకం తెరిచి చదివాడు. "ఈ సంఘపు కుమార్తె శిల్పకును, కోటిలింగం గారి కుమారుడైన సురేంద్రకును వివాహము జరుగనైయున్నది. ఇది మూడవ ప్రకటన. ఎవరికైనను న్యాయమైన అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను."

చదివి కళ్ళజోడు మీదుగా చూశాడు. కోటేష్ లేచాడు.

లేచాడు గానీ మాట రాదే! గోడ మీది సిలువ వంక చూశాడు, మామయ్య వంక చూశాడు. జనమంతా మెడలు తిప్పారు. శిల్ప ముఖం పాలిపోయింది.

"చెప్పరా. అభ్యంతరమేమిటి?" అన్నాడు జక్రయ్య, ఏమీ ఎరగనట్టు.

కోటేష్ చెమట తుడుచుకున్నాడు. "మామా… నువ్వు చెప్పమన్నది చెప్పలేను మామా. గుళ్ళో నిలబడి అబద్ధసాక్ష్యం పలకలేను. నాకూ పిల్లలున్నారు."

చర్చిలో గుసగుస లేచింది. "ఏంది, ఏం చెప్పమన్నాడంట?" అని ఒకావిడ పైకే అడిగేసింది. జక్రయ్యకు చెవులు వేడెక్కాయి. అక్కడితో కోటేష్ కూర్చుంటే బాగుండేది. కానీ మామయ్య పని చెడగొట్టానన్న బాధ అతనిది. అబద్ధం లేకుండా ఆ పని ఎలా చేయాలా అని ఆలోచించాడు పాపం. ఆలోచించి, నిజం చెప్పాడు.

"వాళ్ళు మాదిగోళ్ళు. మనం మాలలం. అందుకని మాకిష్టం లేదు. అదే అభ్యంతరం. మామకీ అదే, మాకందరికీ అదే."

ఒక్కసారిగా దగ్గులు కూడా ఆగిపోయాయి. నూటపాతికేళ్ళలో ఆ గోడల మధ్య ఆ రెండు మాటలూ అలా పక్కపక్కన, పైకి, ఎవరూ అనలేదు. వెనక కుర్చీలో కోటిలింగం తల దించుకున్నాడు. లేచి వెళ్ళిపోవడం ఆరాధనకు అమర్యాద అనుకున్నాడో ఏమో, కదల్లేదు. కళ్ళు మూసుకున్నాడు.

ముందుగా తేరుకుంది చెంచమ్మ. ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నిలబడింది.

"అట్టలో రాసుందిగా నాలుగు కారణాలు! అది కారణం కాదని చెప్పవయ్యా. కూర్చోరా అని చెప్పు వాడికి. ఒక్క ముక్క! దానికింత సేపా?"

నిజమే, ఒక్క ముక్కే. "చెల్లదు, కూర్చో" అనాలి. ఇరవై రెండేళ్ళుగా ఆయన చెప్పుకుంటూ వచ్చినదంతా ఆ ముక్కలోనే ఉంది. అంటే కూతురు పెళ్ళి జరిగిపోతుంది, కోటిలింగం తల ఎత్తుతాడు, కోటేష్ కూడా హమ్మయ్య అనుకుని కూర్చుంటాడు. జక్రయ్య నోరు తెరిచాడు. ఎదురుగా తన అన్నదమ్ములు, వాళ్ళ కొడుకులు, పెదనాన్న మనవలు. ఒక్కరు కూడా కోటేష్‌ని తప్పు పట్టినట్టు చూడటం లేదు. అందరూ జక్రయ్యనే చూస్తున్నారు, మనవాడేనా కాదా అన్నట్టు. ఆయనకు నోరు పెగల్లేదు.

"నాన్నా" అంది శిల్ప.

ఆమె కూడా లేచింది. ఏడవడం లేదు. "ఇంట్లో అడిగాను, చెప్పలేదు. ఇప్పుడు బావ చెప్పాడు. అది నీ మాటేనా? కాదంటే కాదను. నీ మాటే అయితే రాయి. నీ చేత్తో రాయి, నేను చూస్తాను."

జక్రయ్య కూతురి వంక చూడలేకపోయాడు. చూసి ఉంటే ఏమయ్యేదో! బల్ల మీద పెన్ను ఉంది. పెన్ను తీసుకోవడం సులువుగా తోచింది ఆయనకు. నోటితో అనడం కన్నా, కూతురి కళ్ళలోకి చూడటం కన్నా, తన వాళ్ళను కాదనడం కన్నా సులువు. రాయడం తన పని, రాస్తున్నాను, తీర్పు పాస్టరమ్మగారు చూసుకుంటారు అని తనకు తాను చెప్పుకున్నాడు. ఎంత మోసం! ఎవరిని నమ్మించాలని?

రాశాడు. అక్షరాలు ఎప్పట్లానే గుండ్రంగా వచ్చాయి. ఆ రాసేంతసేపూ చెంచమ్మ నిలబడే ఉంది. "ఓరి దేవుడా, రాస్తున్నాడే" అంది, నమ్మలేనట్టు. తర్వాత చాప మీద కూలబడిపోయింది.

రాసింది సంఘానికి వినిపించాలి, పద్ధతి. జక్రయ్య పుస్తకం ఎత్తి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ వాక్యం చదివే గొంతే వచ్చింది. నిదానంగా, నిండుగా, చివరి అక్షరం దాకా స్పష్టంగా.

"వరుడు మాదిగ కులస్థుడును, వధువు మాల కులస్థురాలును అయినందున, ఈ వివాహమునకు సంఘములో అభ్యంతరము కలదు."

"ఆమేన్" అంది సంఘం.

ఎవరూ ఆలోచించి అనలేదు. బల్ల వెనక నుంచి ఆ గొంతు ఆగిన ప్రతిసారీ ఆ మాట అనడం పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. ముసలమ్మలు చేతులు జోడించి మరీ అన్నారు. అన్న తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతా అయిపోయి నిశ్శబ్దమయ్యాక, కాస్త ఆలస్యంగా, వెనక కుర్చీలోంచి ఇంకో గొంతు వినిపించింది. కళ్ళు మూసుకునే ఉన్న కోటిలింగం, తల వంచుకుని, భక్తిగా, "ఆమేన్" అన్నాడు.

అని, ఏమన్నాడో తెలిసి కళ్ళు తెరిచాడు. చేత్తో నోరు మూసుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, ఏం చేయాలో తోచక, ఏదో తప్పు చేసినవాడిలా చుట్టూ చూశాడు.

శిల్ప చాపల మధ్య నుంచి నడిచి వెనక్కి వెళ్ళింది. ఎవరి పాదాలూ తొక్కకుండా మెల్లగా వెళ్ళింది. ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"లేవండి మామయ్యా. ఇంటికి పోదాం."

ఇద్దరూ బయటికెళ్ళి చెప్పులు వేసుకున్నారు. కోటిలింగానికి ఎంతకీ వార్లో వేలు దూరకపోతే ఆమె వంగి సరిచేసింది. తర్వాత రోడ్డు దాటి కింద పల్లె వైపు నడిచారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి లోపలివాళ్ళందరికీ కనిపిస్తూనే ఉన్నారు.

బయట ముఠా ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు. చివరి పాట పేరు చెప్పాల్సింది జక్రయ్య. పుస్తకం ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాడు. పాడమని చెప్పడానికి ముందు చాప వైపు చూశాడు, కూతురు కూర్చునే చోటు ఖాళీగా ఉంది.